ఆప్తుడెవరు?

తెలుగింటి బిడ్డలుగా కెనడాలో పుట్టి పెరిగిన మీకు ఒక చిక్కు తరచూ ఎదురవుతూ ఉంటుంది. ఇంట్లో తాతగారు చెప్పిన మాటను బడిలో చెబితే "ఆధారమేది?" అని అడుగుతారు. బడిలో నేర్చిన మాటను ఇంట్లో చెబితే "మన పెద్దలు ఊరికే అన్నారా?" అంటారు. ఏ మాటను విన్నంతనే నమ్మవచ్చు, ఏ మాటను పరీక్షించిన పిదపనే నమ్మాలి అన్నది నిన్న మొన్నటి ప్రశ్న కాదు. మన శాస్త్రకారులు దానిని లోతుగా విచారించారు. మీరు పుట్టిన ఈ దేశం ఆ ప్రశ్నకు జవాబు నేర్చుకోవడానికి నూటయాభై ఏళ్లకు పైగా పట్టింది.

న్యాయదర్శనం జ్ఞానానికి నాలుగు ప్రమాణాలను అంగీకరించింది. అవి ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. శబ్దమంటే ఆప్తుని వాక్యం. వాడుకలో ఆప్తుడంటే మనకు దగ్గరివాడు. తార్కికుల దృష్టిలో అర్థం వేరు. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో ఆప్తుడంటే యథార్థవక్త అని నిర్వచించాడు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే న్యాయసూత్రాలకు భాష్యం రచించిన వాత్స్యాయనుడు మరొక మెట్టు పైకి వెళ్లాడు. విషయాన్ని తానుగా ఎరిగి, ఎరిగినది ఎరిగినట్లే చెప్పగోరేవాడు ఆప్తుడనీ, ఋషికైనా ఆర్యునికైనా మ్లేచ్ఛునికైనా ఈ లక్షణం సమానమేననీ ఆయన అభిప్రాయం. చెప్పినవాని కులగోత్రాలను, హోదాను ఇక్కడ అడగలేదు. అతనికి ఎలా తెలిసింది, తెలిసినది దాచకుండా చెబుతున్నాడా అన్న రెండు ప్రశ్నలే అడిగారు.

ఈ రెండు ప్రశ్నలను మరచినప్పుడు ఏమవుతుందో కెనడా ఉత్తరాన జరిగిన ఒక ఉదంతం చెబుతుంది. 1845లో సర్ జాన్ ఫ్రాంక్లిన్ నాయకత్వాన ఎరబస్, టెర్రర్ అనే రెండు బ్రిటిష్ నౌకలు ఆర్కిటిక్ మీదుగా పశ్చిమానికి దారి వెదుకుతూ బయలుదేరాయి. వాటిలోని 129 మందిలో ఒక్కరూ తిరిగి రాలేదు. 1854లో హడ్సన్స్ బే కంపెనీ వైద్యుడు జాన్ రే ఆ ప్రాంతపు ఇన్యూట్ ప్రజలను విచారించి వార్త తెచ్చాడు. నావికులు ఆకలితో మరణించారనీ, చివరి రోజులలో కొందరు చనిపోయిన తోటివారి మాంసం తిని ప్రాణం నిలుపుకోజూశారనీ ఇన్యూట్‌లు చెప్పారు. రే వట్టి మాటలతో తృప్తి చెందలేదు. అధికారుల గుర్తులున్న వెండి చెంచాలను, ఫ్రాంక్లిన్ పతకాన్ని వారి వద్ద కొని తెచ్చాడు.

లండన్ నగరం ఆ మాటను సహించలేకపోయింది. ప్రఖ్యాత నవలాకారుడు చార్ల్స్ డికెన్స్ తన వారపత్రికలో దానిని ఖండించాడు. చెప్పినవారు కళ్లారా చూసినవారు కారనీ, దుబాసీ అనువాదం నమ్మదగినది కాదనీ ఆయన వాదన. నిజానికి అవి అడగదగిన ప్రశ్నలే. రేతో మాట్లాడినవారు ఇతరుల నుంచి విన్నదే చెప్పారు. అయితే డికెన్స్ అంతటితో ఆగలేదు. ఆంగ్లేయ నావికుడు అలాంటి పని చేయడని తానే తీర్మానించాడు. ఇన్యూట్‌లే వారిని చంపి ఉండవచ్చునని సూచించాడు. ఈ రెండు మాటలకూ ఆయన వద్ద సాక్షి లేడు, అనువాదమైనా లేదు. పరాయివాని మాటను తూచిన త్రాసులో తన మాటను ఉంచలేదు. ఆయన తప్పు పరీక్ష కోరడంలో లేదు, ఒకవైపే కోరడంలో ఉంది.

కాలం ఆ పరీక్షను పూర్తి చేసింది. కింగ్ విలియం దీవిలో 1992లో బయటపడిన నావికుల ఎముకలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు, వాటిపై కత్తిగాట్లు ఉన్నట్లు 1997లో ప్రకటించారు. ఒక నౌక దక్షిణాన మునిగిందని ఇన్యూట్ పెద్దలు తరతరాలుగా చెబుతూ వచ్చారు. 2014లో ఎరబస్ ఆ దిక్కునే దొరికింది. 2016లో టెర్రర్‌ను కనుగొన్నది కూడా ఒక ఇన్యూట్ వేటగాడు ఇచ్చిన ఆనవాలు ఆధారంగానే.

న్యాయస్థానాలకూ ఇదే పాఠం అవసరమైంది. బ్రిటిష్ కొలంబియాలోని గిట్‌క్సాన్, వెట్‌సువెటెన్ జాతుల పెద్దలు తమ భూమిపై హక్కు కోరుతూ తమ వంశగాథలను సాక్ష్యంగా వినిపించారు. 1991లో విచారణ న్యాయమూర్తి వాటికి స్వతంత్రమైన విలువ ఇవ్వలేదు. 1997 డిసెంబరు 11న డెల్గముక్ కేసులో కెనడా సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చి, మౌఖిక చరిత్రను వ్రాతపత్రాలతో సమానంగా పరిగణించాలని నిర్ణయించి, మళ్లీ విచారణకు ఆదేశించింది. గాథలన్నీ నిజమని కోర్టు అనలేదు. వాటిని వినకముందే త్రోసివేయరాదని మాత్రమే అంది.

పరులు చేసిన పొరపాటు మనకు సులువుగా కనబడుతుంది. మనం పట్టుకున్న త్రాసు సంగతి ఏమిటి? తెలుగువారి సభలలో రాణి రుద్రమదేవి ప్రస్తావన వస్తే, ఆమె న్యాయంగా పాలించిందని వెనిస్ యాత్రికుడు మార్కోపోలో మెచ్చుకున్న సంగతి తప్పక వింటాము. మోటుపల్లి రేవు పేరుతో ఆ రాజ్యాన్ని వర్ణించిన అదే అధ్యాయంలో, లోయలోకి మాంసఖండాలను విసిరి, వాటికి అంటుకున్న వజ్రాలను గ్రద్దల ద్వారా సంపాదిస్తారని కూడా ఆయన రాశాడు. దానిని కట్టుకథ అని నవ్వి వదిలేస్తాము. ఆమెను రాజు భార్యగా, వితంతువుగా ఆయన చెప్పిన మాటను శాసనాలు సరిదిద్దాయి. ఆమె గణపతిదేవుని కుమార్తె. నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం ఆమె మరణాన్ని 1289 నాటికి నిర్ణయించింది. ఒకే సాక్షి చెప్పిన మూడు మాటలలో మన చెవికి ఇంపైనది మాత్రమే పరీక్ష లేకుండా నిలిచింది.

మరొక ఉదాహరణ. ప్రాచీన భారతీయులు విమానాలు నడిపారనడానికి వైమానిక శాస్త్రమనే గ్రంథాన్ని చూపేవారు మీకూ తారసపడి ఉంటారు. 1974లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ శాస్త్రజ్ఞులు దానిని పరిశీలించారు. అది 20వ శతాబ్ది ఆరంభంలో వెలువడిన రచన అనీ, అందులోని యంత్రాలు ఎగరజాలవనీ తేల్చారు. ఈ నిర్ణయం వల్ల మన పూర్వుల గౌరవానికి లోటు రాలేదు. ప్రమాణాలను అంత సూక్ష్మంగా విచారించినవారికి, లేని ఘనతను అంటగట్టవలసిన పని లేదు.

స్వామి సన్నిధిలో మీరు పొందే శాంతికి శాసనాధారం అక్కరలేదు. అది మీ అనుభవం. కాని ఫలానా సంవత్సరంలో ఇది జరిగింది, ఫలానావారు ఇది కనిపెట్టారు అన్న మాట లోకానికి సంబంధించినది. దానిని ఎవరు చెప్పినా, ఆలయంలో చెప్పినా విశ్వవిద్యాలయంలో చెప్పినా, ఆ రెండు ప్రశ్నలు వర్తిస్తాయి.

కాబట్టి మీ పెద్దల మాటలను ముందుగా నమ్మవద్దు, ముందుగా త్రోసివేయవద్దు. వలస వచ్చిన తొలి రోజుల గురించి, ఊరి చెరువు గురించి, కరువు గురించి అమ్మమ్మగారు చెప్పేటప్పుడు "మీరు చూశారా? ఎవరు చెప్పగా విన్నారు? అప్పుడు మీ వయసెంత?" అని వినయంగా అడగండి. జవాబులను వారి మాటలలోనే తేదీ వేసి రాసి ఉంచండి. అలా అడగడం అగౌరవం కాదు. ఇన్యూట్ పెద్దల మాటలను అడిగి రాసుకున్నవారు ఉండబట్టే అవి నూటయాభై ఏళ్ల తరువాత కూడా సాక్ష్యంగా నిలిచాయి. మన ఇళ్లలోని సాక్షులకు ఇప్పుడు ఎనభై ఏళ్లు, తొంభై ఏళ్లు. వారిని అడగవలసినవారు మీరే.