బ్యాచ్ రికార్డు: హైదరాబాద్ ఔషధ పరిశ్రమలో చేతిరాత నుంచి క్లౌడ్ దాకా

కేంద్ర ప్రభుత్వం 1961లో స్థాపించిన ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ లిమిటెడ్, అనగా ఐడీపీఎల్, సోవియట్ సహకారంతో బాలానగర్‌లో నెలకొల్పిన సింథటిక్ మందుల కర్మాగారం నుంచే హైదరాబాద్ ఔషధ పరిశ్రమ విస్తరించింది. 1972లో అమలులోకి వచ్చిన పేటెంట్ చట్టం మందు విషయంలో పదార్థానికి కాక తయారీ పద్ధతికి మాత్రమే హక్కు కల్పించడంతో, ఐడీపీఎల్‌లో అనుభవం గడించిన నిపుణులు కొత్త పద్ధతులు కనిపెట్టి సొంత సంస్థలు పెట్టుకోగలిగారు. 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించిన కల్లం అంజిరెడ్డి వారిలో ఒకరు. జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడల్లో ఉత్పత్తి పెరిగినకొద్దీ దాని వెంట రావలసిన రికార్డు కూడా పెరిగింది; పరిశ్రమ ఎదుగుదలకు అసలు పరీక్ష అక్కడే ఎదురైందని చెప్పవచ్చు.

ఒకే విడతలో తయారైన సరుకును బ్యాచ్ అంటారు. దానిలో వాడిన ముడిసరుకు ఏ లాట్‌కు చెందినది, ఎవరు తూచారు, ఎవరు సరిచూశారు, రియాక్టర్‌లో ఉష్ణోగ్రత ఏ సమయానికి ఎంత ఉంది, చివరికి ఎంత దిగుబడి వచ్చింది అన్న వివరాలన్నీ బ్యాచ్ రికార్డులో ఉండాలి. 1940 నాటి ఔషధ చట్టం కింద రూపొందిన నిబంధనలకు 1988లో చేర్చిన షెడ్యూల్ ఎం, మంచి తయారీ పద్ధతులను నిర్దేశిస్తూ ఈ రికార్డుకు చట్టపరమైన ఆధారం కల్పించింది. పొరపాటుగా రాసిన అంకెను చెరిపివేయకుండా, పాత అంకె కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం, తేదీ వేయడం ఈ వృత్తిలో తొలి పాఠం. మందు మింగే మనిషి దాని నాణ్యతను స్వయంగా పరీక్షించుకోలేడు గనుక, అతని తరఫున సాక్ష్యం చెప్పేది ఈ కాగితమే. ఈ క్రమశిక్షణను కేవలం గుమాస్తా పనిగా చూడడం అన్యాయం.

ఎగుమతులు పెరిగి, అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీలు మామూలైన కాలంలో, కొనుగోళ్లు, నిల్వలు, ఉత్పత్తి, లెక్కలను ఒకే వ్యవస్థలో కలిపే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ పెద్ద సంస్థల్లోకి వచ్చింది. అయితే 1997లో ఎఫ్‌డీఏ అమలుచేసిన పార్ట్ 11 నిబంధన, కంప్యూటర్ రికార్డును చేతిరాతతో సమానంగా అంగీకరించాలంటే ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చారో తనంతట తానే నమోదు చేసే ఆడిట్ ట్రెయిల్ ఉండాలనీ, వ్యవస్థ ఉద్దేశించిన పని నమ్మకంగా చేస్తోందని పరీక్షించి నిరూపించే వ్యాలిడేషన్ జరగాలనీ షరతు పెట్టింది. ఆ వ్యాలిడేషన్ ఖర్చుకు జంకిన చిన్న సంస్థలు ఎక్సెల్ పట్టికలతో, పాత రిజిస్టర్లతో నెట్టుకొచ్చాయి. 2010 తర్వాతి దశాబ్దంలో అనేక భారతీయ కర్మాగారాల్లో ఒకే పాస్‌వర్డును పలువురు వాడడం, ప్రయోగశాల కంప్యూటర్లలో పరీక్షా ఫలితాలను తొలగించడం వంటి లోపాలను ఎఫ్‌డీఏ ఎత్తిచూపింది. 2018లో డేటా సమగ్రతపై తుది మార్గదర్శకాలు వెలువరించింది.

సంస్థ ఆవరణలో సర్వర్ లేకుండా, సరఫరాదారు కంప్యూటర్లలో నడిచే సాఫ్ట్‌వేర్‌ను ఇంటర్నెట్ ద్వారా చందా కట్టి వాడుకోవడమే క్లౌడ్ పద్ధతి. 1999లో పుట్టిన సేల్స్‌ఫోర్స్ సంస్థ ఈ పద్ధతిని వ్యాపార రంగంలో ప్రాచుర్యంలోకి తేగా, 2007లో పుట్టిన వీవా సంస్థ ప్రత్యేకించి ఔషధ సంస్థల కోసం పనిచేసింది. అయినా క్లౌడ్‌కు మారడానికి ఔషధ సంస్థల నాణ్యతా విభాగాలు సంకోచించాయి; అందుకు బలమైన కారణమే ఉంది: ఒకసారి వ్యాలిడేట్ చేసిన వ్యవస్థను సరఫరాదారు తన వీలును బట్టి నవీకరిస్తే, పాత నిరూపణ చెల్లుబాటు ప్రశ్నార్థకమవుతుంది. ప్రతి మార్పుకూ మొత్తం పరీక్షలను తిరిగి చేయకుండా, రోగికి హాని కలిగించగల అంశాలను ముందుగా గుర్తించి వాటినే లోతుగా పరీక్షించాలన్న ఆలోచనను కంప్యూటర్ వ్యవస్థల వ్యాలిడేషన్‌పై 2008లో వెలువడిన గాంప్ 5 మార్గదర్శిక ముందుకు తెచ్చింది. చిన్న సంస్థలకు క్లౌడ్ అందుబాటులోకి రావడానికి ధరతో పాటు ఈ ఆలోచన కూడా తోడ్పడింది. 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్‌లో తన క్లౌడ్ కేంద్రాలను ప్రారంభించడంతో, రికార్డును ఈ నగరంలోనే భద్రపరచుకునే వీలు కూడా కలిగింది.

2023 డిసెంబరులో సవరించిన షెడ్యూల్ ఎం కంప్యూటర్ వ్యవస్థలను కూడా తన పరిధిలోకి తెచ్చింది గనుక, కంప్యూటర్ రికార్డులు వాడే చిన్న తయారీదారులు కూడా ఇకపై వాటి వ్యాలిడేషన్‌ను వాయిదా వేయలేరు. అందుకు క్లౌడ్‌ను ఎంచుకుంటే, చందా ధర చూసి ఒప్పందంపై సంతకం చేసే ముందు, డేటా ఎక్కడ ఉంటుంది, నవీకరణ గురించి ఎన్ని రోజుల ముందు తెలియజేస్తారు, ఒప్పందం ముగిస్తే పాత బ్యాచ్ రికార్డులు చదవగలిగే రూపంలో తిరిగి వస్తాయా అన్న ప్రశ్నలకు వారు రాతపూర్వకంగా సమాధానం తీసుకోవాలి. సర్వర్ వేరొకరిదే అయినా, తనిఖీ అధికారి అడిగినప్పుడు రికార్డు చూపవలసిన బాధ్యత లైసెన్సు పొందిన తయారీదారుదే.