అరవై కొట్టాక మరుసటి ఏడు

బోస్టన్ రెడ్ సాక్స్ నుంచి బేబ్ రూత్‌ను లక్ష డాలర్లకు కొనుక్కున్నామని 1920 జనవరి 5న న్యూయార్క్ యాంకీస్ ప్రకటించింది. అంతకుముందు సీజన్‌లో రూత్ 29 హోమ్ రన్‌లు కొట్టాడు. బేస్‌బాల్‌లో ఒక్క సీజన్‌లో అన్ని కొట్టినవాడు అప్పటికి లేడు. హోమ్ రన్ అంటే బంతిని కంచె దాటించడం, మన సిక్సర్‌కు దగ్గరి చుట్టం. వచ్చే సీజన్‌లో ఎన్ని కొడతాడని ఆ జనవరిలో అడిగి ఉంటే, ఎంత వీరాభిమాని అయినా 35 దగ్గర ఆగిపోయేవాడేమో. రూత్ 54 కొట్టాడు.

ఆ ఏడాది అమెరికన్ లీగ్‌లో రెండో స్థానంలో నిలిచిన జార్జ్ సిస్లర్ కొట్టినవి 19. యాంకీస్‌ను మినహాయిస్తే, ఆ లీగ్‌లో ఏ జట్టుకూ ఆటగాళ్లందరివీ కలిపినా 54 రాలేదు.

దీనికి కారణాలు తర్వాత వెతికితే కనబడతాయి. 1919లో రూత్ 17 ఆటల్లో పిచర్‌గా బంతి విసిరాడు. న్యూయార్క్ వచ్చాక ఆ పని దాదాపు మానేశాడు, 1920లో ఒకే ఒక్క ఆటలో విసిరాడు. యాంకీస్ అప్పట్లో ఆడిన పోలో గ్రౌండ్స్‌లో కుడివైపు గీత వెంట కంచె 258 అడుగుల దూరంలోనే ఉండేది. రూత్ లాంటి ఎడమచేతి వాటం బ్యాటర్‌కు అంతకన్నా ఏం కావాలి? అంతకుముందు బోస్టన్ సొంత మైదానం అతనికి అలా కలిసిరాలేదు, 1918లో ఆ జట్టుకు ఆడుతూ అతను కొట్టిన 11 హోమ్ రన్‌లూ పరాయి మైదానాల్లోనివే. దానికితోడు 1920 సీజన్‌కు ముందు, ఉమ్మి రాసి బంతి విసరడంపై ఆంక్షలు వచ్చాయి. ఆగస్టులో రే చాప్‌మన్ అనే బ్యాటర్ తలకు బంతి తగిలి మరణించాక, మాసిపోయిన బంతులను పక్కనపెట్టి తెల్లటివి వాడటం పెరిగింది. మైదానం, బంతి, ఆటగాడి పని ఒకేసారి మారాయి. పాత సీజన్ల అంకెల్లో ఇవేవీ ఉండవు.

రూత్ కథ అరుదైనది. చరిత్రలో ఎక్కువసార్లు జరిగింది దీనికి తలకిందులు.

1961 అక్టోబర్ 1న యాంకీ స్టేడియంలో ట్రేసీ స్టాలర్డ్ విసిరిన బంతిని యాంకీస్ బ్యాటర్ రోజర్ మారిస్ కంచె దాటించాడు. అది ఆ సీజన్‌లో 61వది. 1927లో రూత్ నెలకొల్పిన 60 రికార్డు పోయింది. మరుసటి ఏడాది మారిస్ కొట్టినవి 33. సొంత ప్రేక్షకులే అతన్ని ఎగతాళి చేశారు. అది అన్యాయం. 33 తక్కువ అంకె కాదు, దాని పక్కన 61 ఉండటమే అతని దురదృష్టం.

టామ్ టాంగో అనే విశ్లేషకుడు తయారుచేసిన ‘మార్సెల్’ పద్ధతితో ఇది తేల్చి చూడొచ్చు. ‘ఫ్రెండ్స్’ టీవీ సీరియల్‌లోని కోతి పేరు దానికి పెట్టాడు, కోతి కూడా వేయగలిగినంత తేలిక లెక్క అని. గడిచిన సీజన్‌కు 5, అంతకుముందు దానికి 4, ఇంకా ముందు దానికి 3 చొప్పున బరువు ఇవ్వాలి. మారిస్ అంకెలు వరుసగా 61, 39, 16. గుణించి కూడి 12తో భాగిస్తే 42 వస్తుంది. దాన్ని లీగ్ సగటు వైపు కాస్త లాగి, ఎన్నిసార్లు బ్యాటింగ్‌కు రాగలడో, వయసెంతో కలిపితే 39 దగ్గర తేలుతుంది. 1962లో అభిమానులు ఎదురుచూడాల్సింది ఆ 39 కోసం, ఇంకో 61 కోసం కాదు.

సగటు వైపు ఎందుకు లాగాలి? ఎవరైనా అందరికంటే ఎక్కువ కొట్టిన ఏడాదిలో నైపుణ్యంతోపాటు గాలి, ఆరోగ్యం, ఎదురుపడిన పిచర్లు కూడా కలిసొచ్చి ఉంటాయి. నైపుణ్యం మరుసటి ఏడాదికీ మిగులుతుంది, మిగతావి అలాగే కలిసిరావాలని లేదు. దీన్ని అంకెలతో అందంగా చూపినవారు గణాంక శాస్త్రవేత్తలు బ్రాడ్లీ ఎఫ్రాన్, కార్ల్ మోరిస్. 1970 సీజన్ మొదట్లో 18 మంది బ్యాటర్లు 45 ప్రయత్నాల్లో సాధించిన సగటులను తీసుకుని, ఒక్కొక్కదాన్నీ మొత్తం గుంపు సగటు వైపు జరిపారు. అలా జరిపిన అంకెలే మిగతా సీజన్‌కు చాలా దగ్గరగా వచ్చాయి. తప్పుల వర్గాల మొత్తం మూడో వంతు కంటే తక్కువకు పడిపోయింది. 1977లో సైంటిఫిక్ అమెరికన్‌లో వాళ్లు రాసిన వ్యాసం ఇప్పటికీ చదవదగ్గది.

అయినా లెక్కను వెక్కిరించే మనుషులుంటారు. డేవీ జాన్సన్ గణితంలో పట్టభద్రుడు, బాల్టిమోర్ జట్టుకు ఆడే రోజుల్లోనే బ్యాటింగ్ వరుసను కంప్యూటర్‌తో లెక్కగట్టినవాడు. 1972లో అతను కొట్టినవి 5. అట్లాంటాకు మారాక 1973లో 43 కొట్టాడు! బరువుల లెక్క అతనికి 10, 11 కంటే ఎక్కువ ఇచ్చేది కాదు. 1974కు అదే లెక్క 24 అంటుంది, వచ్చింది 15. ఎదుగుదలను అందుకోలేకపోయిన సూత్రం, పతనం వస్తుందని మాత్రం పసిగట్టింది. అదే 1973లో అదే జట్టులో 40 కొట్టిన హ్యాంక్ ఆరన్ ఇందుకు పూర్తి భిన్నం. ఏ సీజన్‌లోనూ 47 దాటలేదు, 1955 నుంచి 1974 దాకా ఏ సీజన్‌లోనూ 20కి తగ్గలేదు, చివరికి 755కు చేరాడు. అంచనా వేసేవాడికి ఆరన్ వంటివాడు వరం.

గాయాలు వేరే సంగతి. 2022లో 62 కొట్టిన ఆరన్ జడ్జ్, 2023లో డాడ్జర్ స్టేడియం కంచెను గుద్దుకుని కాలివేలు దెబ్బతీసుకున్నాడు. 106 ఆటల్లోనే 37 కొట్టాడు. బ్యాటు బలం పెద్దగా తగ్గలేదు, ఆడిన రోజులు తగ్గాయి. అందుకే నిపుణులు ముందు ఆటల సంఖ్యను, తర్వాత కొట్టే వేగాన్ని విడివిడిగా అంచనా వేస్తారు.

ఇక సియాటిల్ కేచర్ కాల్ రాలీ. 2023లో 30, 2024లో 34, 2025లో 60. కేచర్లలో అంతకుముందు రికార్డు సాల్వడార్ పెరెజ్ 48. ఆటంతా మోకాళ్ల మీద కూర్చుని బంతులు పట్టే మనిషి ఇది సాధించడం అద్భుతమే. 2026కు అతని పేరు మీద బరువులు వేస్తే ముందు 44 వస్తుంది, సగటు వైపు లాగాక 39. ఆ స్థానంలో ఆడే ఆటగాడికి 39 హోమ్ రన్‌లంటే గొప్ప సీజన్.