రెండు కళ్లు, ఒక్క చూపు: ప్రిజం అద్దాల కథ, బాసర దాకా

ఇవాళ్టి ఎపిసోడ్ కళ్లద్దాల గురించి. "నాకు సైట్ వచ్చింది" అని మనం పెట్టుకునే మామూలు అద్దాల గురించి మాత్రం కాదు. అక్షరాలు స్పష్టంగా కనిపిస్తున్నా, పవర్ సున్నా ఉన్నా, కొందరికి అవసరమయ్యే అద్దం ఒకటుంది. దాని పేరు ప్రిజం అద్దం. ఆ కథను బాసర నుంచి మొదలుపెడతాను.

బాసర అంటే మనకు అక్షరాభ్యాసం. జ్ఞాన సరస్వతి గుడిలో పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, వేలు పట్టి పలక మీద దిద్దిస్తారు. అలాంటి పనులకు ఆ పిల్ల కళ్లు దగ్గరి వస్తువు మీద కుదురుగా నిలవాలి. అదే ఊళ్లో 2008లో ఆర్జీయూకేటీ వచ్చింది, మనం బాసర ట్రిపుల్ ఐటీ అంటాం. పదో తరగతి కాగానే చేరి ఆరేళ్లు చదివే పిల్లలు, ల్యాప్‌టాప్ మీద పాఠాలు. క్లాసు అయ్యాక చేతిలో ఫోన్. అంటే రోజంతా చూపు దగ్గరే ఉంటుంది.

దగ్గర చూస్తే ఏమవుతుంది? ఒక్కో కంటికి ఆరు కండరాలు, రెండింటికీ కలిపి పన్నెండు. దూరంగా గోదావరి అవతలి ఒడ్డు చూస్తున్నప్పుడు రెండు కళ్లూ దాదాపు సమాంతరంగా ఉంటాయి. ఫోన్ చూసేటప్పుడు రెండూ ముక్కు వైపు తిరగాలి. కొందరి కళ్లకు సహజంగానే కొంచెం బయటికో, లోపలికో, పైకో జారే గుణం ఉంటుంది. మెదడు వాటిని బలవంతంగా లాగి ఒక్క చూపుగా కలుపుతుంది. అద్దంలో చూసుకుంటే మెల్ల కనిపించదు. కానీ ఆ లాగుడు గంటల తరబడి సాగితే కొందరికి నుదురు నొప్పి, లైన్లు కలిసిపోవడం, చదివిందే మళ్లీ చదవడం. ఇంట్లో వాళ్లు ఏమంటారు? "చదువు మీద శ్రద్ధ లేదు." అసలు ప్రమాదం అక్కడే ఉంది. కంటి ఇబ్బంది కాస్తా పిల్ల గుణం అయిపోతుంది.

ఇప్పుడు చరిత్రలోకి వెళ్దాం. 1666లో న్యూటన్ గాజు ప్రిజంతో వెలుగును రంగులుగా విడగొట్టాడు, మన స్కూల్ పుస్తకాల్లో ఉన్నదే. ప్రిజానికి ఇంకో గుణం ఉంది. వెలుగును తన మందమైన అంచు వైపు వంచుతుంది. అందుకే దాని గుండా చూస్తే వస్తువు కొంచెం పక్కకు జరిగినట్టు ఉంటుంది. 19వ శతాబ్దం మధ్యలో బెర్లిన్‌లో ఆల్‌బ్రెక్ట్ ఫాన్ గ్రేఫె అనే కంటి డాక్టర్ ఈ గుణాన్ని కంటి కండరాల తేడా కనిపెట్టడానికి వాడాడు. ఆలోచన చాలా సులువు. కన్ను వస్తువు దాకా తిరగలేకపోతే, వస్తువు బొమ్మనే కన్ను దగ్గరికి జరుపుదాం.

అదే కాలంలో హాలండ్‌లో డాండర్స్ అనే ఆయన 1864లో పెద్ద పుస్తకం రాశాడు. ఫోకస్ చేయడం, కళ్లు లోపలికి తిరగడం ఒకదానికొకటి ముడిపడి ఉంటాయని చూపించాడు. అందుకే కొందరు పిల్లల్లో లోపలి మెల్లకు ప్రిజం అక్కర్లేదు, సరైన ప్లస్ పవర్ అద్దం పెడితే చాలు, కన్ను నిటారు అవుతుంది. మన ఊళ్లలో ఇప్పటికీ "మెల్లకన్ను అదృష్టం" అని వదిలేస్తారు. వదిలేస్తే ఆ కంటి చూపే మందగించవచ్చు. ఎంత చిన్న వయసులో పట్టుకుంటే అంత మేలు.

ఇక కొలత సంగతి. ప్రిజం ఎంత బలమైనదో చెప్పడానికి మంచి లెక్క ఇచ్చింది న్యూయార్క్ కళ్లద్దాల నిపుణుడు చార్లెస్ ప్రెంటిస్, 1890లో. మీటరు దూరంలో వెలుగును ఒక సెంటీమీటరు జరిపితే అది ఒక ప్రిజం డయాప్టర్. ఈ లెక్కతో మన ఫోన్‌ను కొలుద్దాం. రెండు కనుపాపల మధ్య 6 సెంటీమీటర్లు అనుకోండి. ఆరు మీటర్ల దూరం చూస్తే కళ్లు తిరగాల్సింది సుమారు 1 ప్రిజం డయాప్టర్. 40 సెంటీమీటర్లలో పుస్తకం పట్టుకుంటే సుమారు 15. పడుకుని ఫోన్‌ను 20 సెంటీమీటర్లకు తెచ్చుకుంటే సుమారు 30. దూరం సగమైతే పని రెట్టింపు.

ఈ ప్రెంటిస్ ఇంకో గొడవలో కూడా ఉన్నాడు. డాక్టర్ కాని మనిషి కళ్లు పరీక్షించి ఫీజు ఎలా తీసుకుంటాడని అక్కడి పెద్ద డాక్టర్లు అడ్డుపడ్డారు. ఆ పోరాటం నుంచే ఆప్టోమెట్రీ అనే వృత్తికి చట్టాలు వచ్చాయి. మొదటిది 1901లో మిన్నెసోటాలో. కళ్లు కొలిచే హక్కు ఎవరికుంది అన్న ఈ ప్రశ్న నూరేళ్ల తర్వాత మన దగ్గరికీ వచ్చింది.

ఎలాగంటే, బాసరకు దగ్గర్లోనే ముధోల్ ఉంది. హైదరాబాద్‌లో 1987లో మొదలైన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి తన మొదటి గ్రామీణ కేంద్రాన్ని 1996లో పెట్టింది ఆ ముధోల్‌లోనే. అదే ఏడాది మొదలై 2000 దాకా జరిగిన ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల సర్వేలో 10,293 మందిని పరీక్షించారు. ఎంచుకున్న నాలుగు ప్రాంతాల్లో ఆదిలాబాద్ ఒకటి. చూపు తగ్గడానికి పెద్ద కారణాలు కంటి శుక్లాలు, అద్దాలు లేకపోవడం అని తేలింది. అంటే సగం కష్టం ఒక జత అద్దాలతో పోయేదే! ప్రతి పల్లెకూ డాక్టర్‌ను పంపలేం. అందుకే ఇంటర్ చదివిన అక్కడి పిల్లలకే ఏడాది శిక్షణ ఇచ్చి, విజన్ టెక్నీషియన్లుగా తయారుచేశారు. న్యూయార్క్‌లో కొట్లాడి తెచ్చుకున్నది ఇక్కడ అవసరం తెచ్చిపెట్టింది.

తర్వాత 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో కంటి వెలుగు మొదలైంది. 2023 జనవరి 18న ఖమ్మంలో రెండో విడత. మా అమ్మ వయసు వాళ్లు ఎంతమందో బియ్యంలో రాళ్లు మళ్లీ ఏరగలిగారు. ఇది చిన్న విషయం కాదు.

అయితే ఒక తేడా గమనించండి. క్యాంపులోనైనా, షాపులోనైనా గడ్డం ఆనించి చూసే మెషీన్ ఒక్కో కంటి పవర్‌ను విడివిడిగా కొలుస్తుంది. రెండు కళ్లూ కలిసి పనిచేస్తున్నాయా అన్నది అది చెప్పదు. దానికి మనిషి కావాలి. ఒక కన్ను మూసి, తీసి, రెండో కన్ను కదులుతుందా అని చూడాలి. కదిలితే ప్రిజాలు అడ్డుపెట్టి ఎంతో కొలవాలి. ఇందుకు కావాల్సింది ఒక అట్ట, కొన్ని ప్రిజాలు, తెలిసిన చేయి, కాస్త ఓపిక. మసక చూపును పట్టుకోవడంలో మనం చాలా దూరం వచ్చాం. ఇంకా మిగిలింది ఈ రెండో పరీక్ష.

ఆ పరీక్ష లేని చోట మార్కెట్ దూరుతుంది. తలనొప్పి అనగానే బ్లూ కట్ అద్దం అంటగడతారు. 2023లో కోక్రేన్ సంస్థ 17 ప్రయోగాలను కలిపి చూసింది. మామూలు అద్దంతో పోలిస్తే బ్లూ కట్ వల్ల స్క్రీన్ అలసట తగ్గుతుందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. ఇప్పుడు స్క్రీన్ అలసటకు ప్రిజం అద్దాలను కూడా ఖరీదుగా అమ్ముతున్నారు. ప్రిజం సరిగ్గా కొలిచి ఇస్తే రెండుగా కనిపించేవాళ్లకు నిజంగా వరం. కానీ అందరికీ మందు కాదు. దగ్గర చూసేటప్పుడు కళ్లు లోపలికి తిరగలేని పిల్లల మీద అమెరికాలో చేసిన ప్రయోగంలో, ప్రిజం ఉన్న రీడింగ్ అద్దాలు ఉత్తి అద్దాల కంటే మెరుగని తేలలేదు. 2008లో 221 మంది పిల్లలతో చేసిన ఇంకో ప్రయోగంలో, క్లినిక్‌లో దగ్గరుండి చేయించిన కంటి వ్యాయామాలు బాగా పనిచేశాయి.

మరి మీరేం చేయాలి? ఒక కన్ను మూసుకుంటే చదవడం హాయిగా ఉందా? పెన్ను మొనను ముక్కు వైపు తెస్తుంటే చాలా దూరంలోనే రెండైపోతోందా? అలా ఉంటే ఈసారి పరీక్షకు వెళ్లినప్పుడు ఒక్క మాట అడగండి: "రెండు కళ్లూ కలిపి చూశారా?" ఫోన్‌ను కాస్త దూరం పెట్టండి, మధ్యమధ్యలో కిటికీ బయటికి చూడండి, రెప్పలు వేయడం మరవకండి. హఠాత్తుగా అన్నీ రెండుగా కనిపించడం మొదలైతే మాత్రం అద్దాల షాపుకు కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మీ ఇంట్లో పుస్తకం తెరవగానే తల పట్టుకునే తమ్ముడో చెల్లెలో ఉంటే, తిట్టే ముందు ఒకసారి కళ్లు చూపించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.