పదకొండు ముక్కల వైరస్

చంటిపిల్లలకి విరేచనాలు పట్టుకుంటే మన ఇళ్ళల్లో వినిపించే కారణాలు మూడే. పళ్ళొస్తున్నాయి, దిష్టి తగిలింది, పాలు పడలేదు. నవ్వుకోకండి, 1973 దాకా పెద్దాసుపత్రుల్లో డాక్టర్ల దగ్గర కూడా చాలా కేసులకి సరైన సమాధానం లేదు. బాక్టీరియా కోసం వెతికేవాళ్ళు, చాలాసార్లు ఏమీ దొరికేది కాదు.

ఆ ఏడాది మెల్‌బోర్న్‌లోని రాయల్ చిల్డ్రన్స్ హాస్పిటల్లో రూత్ బిషప్, ఆవిడ సహచరులు జబ్బుపడ్డ పిల్లల చిన్నపేగులోంచి చిన్న ముక్క తీసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూశారు. కణాల్లో గుండ్రటి వైరస్‌లు కనిపించాయి. బండిచక్రంలా ఉందని మరుసటి ఏడాది ఇంగ్లండులో థామస్ ఫ్లూయెట్ దానికి రోటా వైరస్ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో రోటా అంటే చక్రం.

పేరు కుదిరింది, కానీ అన్ని రోటా వైరస్‌లూ ఒకటేనా? అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

ఈ వైరస్ జన్యుపదార్థం ఒకే పొడుగాటి తాడులా ఉండదు. 11 విడివిడి ఆర్ఎన్ఏ ముక్కలుగా ఉంటుంది. మొదట్లో ఆ ముక్కల్ని జెల్ మీద పరిగెత్తించి, ఏ గీత ఎక్కడ ఆగిందో చూసి పోల్చేవాళ్ళు. చవకైన పద్ధతే, కానీ సైజు ఒకటే కదా అని రెండు ఫైళ్ళూ ఒకటే అనుకున్నట్టు ఉంటుంది వ్యవహారం. లోపలి రాత వేరు కావచ్చు.

తర్వాత వైరస్ పై తొడుగులోని రెండు ప్రొటీన్ల మీద దృష్టి పెట్టారు. మన శరీరం తయారుచేసే యాంటీబాడీలు పట్టుకునేది వాటినే కాబట్టి. ఒకదానికి జి, రెండోదానికి పి. అలా జి1పి[8], జి2పి[4] లాంటి పేర్లొచ్చాయి. పి పక్కన ఆ చదరపు బ్రాకెట్ ఎందుకంటారా? యాంటీబాడీలతో తేల్చిన పి నంబర్లూ, జన్యుక్రమంతో తేల్చిన నంబర్లూ కలవలేదు. అందుకని రెండోవాటిని బ్రాకెట్లో పెట్టారు. ఒకే ప్రాజెక్టులో రెండు రకాల వెర్షన్ నంబర్లు చూసినవాళ్ళకి ఈ బాధ తెలుసు!

చిక్కేమిటంటే, 11 ముక్కల్లో మనం చూసేది రెండే. ఒకే కణంలోకి రెండు వైరస్‌లు దూరితే పుట్టే పిల్ల వైరస్‌లు ఇటు కొన్ని, అటు కొన్ని ముక్కలు కలుపుకోగలవు. అందుకే 2008లో యెల్లె మాథైసెన్స్ బృందం 11 ముక్కలకీ విడిగా రకం ఇచ్చే పద్ధతి ప్రతిపాదించింది. 2012లో జపాన్‌లో బయటపడ్డ కొన్ని వైరస్‌లు పైకి మామూలు జి1పి[8]. లోపలి ముక్కలు మాత్రం జి2పి[4] కుటుంబానివి. పాత పద్ధతిలో చూస్తే ఈ తేడా తెలిసేదే కాదు.

ఇప్పుడు ఢిల్లీకి వద్దాం. 1980ల మధ్యలో అక్కడి ఎయిమ్స్‌లో అప్పుడే పుట్టిన పిల్లల్లో రోటా వైరస్ కనిపించింది, కానీ విరేచనాల్లేవు. ఎం.కె. భాన్ బృందం ఆ పిల్లల్ని గమనిస్తూ వస్తే, తర్వాత కూడా వాళ్ళకి రోటా విరేచనాలు తక్కువే వచ్చాయి. 116ఇ అనే ఆ వైరస్ జి9పి[11] అని తేలింది. పి[11] సాధారణంగా ఆవుల్లో కనిపించే రకం. అంటే మనుషుల వైరస్‌లోకి ఆవు వైరస్ ముక్క ఒకటి చేరిందన్నమాట.

దీన్నుంచి టీకా చేయొచ్చా? లేబుల్ చూసి చెప్పమంటే కుదరదనే అనాలి, ఎందుకంటే పిల్లల్ని ఎక్కువగా పడగొట్టేవి జి1పి[8], జి2పి[4] లాంటివి. ఒక అంచనా ప్రకారం 2011-13 నాటికి మనదేశంలో ఏటా దాదాపు 78 వేలమంది అయిదేళ్ళలోపు పిల్లలు రోటా వల్ల చనిపోతున్నారు. లేబుల్ కలవలేదని ఆ వైరస్‌ని పక్కన పెట్టేసుంటే?

పెట్టలేదు. హైదరాబాదులోని భారత్ బయోటెక్ దాన్ని రోటావాక్‌గా తయారుచేసింది. ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో 6,799 మంది పసిపిల్లల మీద జరిగిన పరీక్షలో, తీవ్రమైన రోటా విరేచనాలు 53.6% తగ్గాయని 2014లో ప్రచురించారు. అదీ రకరకాల జి, పి వైరస్‌ల మీద. 2016లో ప్రభుత్వ టీకాల్లో రోటా చుక్కలు మొదలైన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

సగమేనా అనొచ్చు. విదేశీ టీకాలు కూడా ధనిక దేశాల్లో బాగా పనిచేసి, పేద దేశాల్లో తగ్గిపోయాయి. కాబట్టి అక్కడ తేడా వైరస్ రకంలో కంటే బిడ్డ పేగుల్లో, తల్లి నుంచి వచ్చే యాంటీబాడీల్లో, తిండిలో వెతకాలి.

అలాగని వర్గీకరణ దండగ అనుకోకండి. టీకా వేశాక ఏ రకాలు తగ్గుతున్నాయో, ఏ కొత్త కలయికలు పుడుతున్నాయో చెప్పేది అదే. వైరస్ ఎక్కణ్ణించి వచ్చిందో లేబుల్ చెబుతుంది. టీకా పనిచేస్తుందో లేదో మాత్రం చివరికి పిల్లల్లోనే చూడాలి. ఈలోగా మీ ఇంట్లో పసిబిడ్డ ఉంటే 6, 10, 14 వారాల చుక్కలు మాత్రం మర్చిపోకండి.