విమాన నిర్మాణమున తొలి ప్రయత్నములు

పక్షివలె గగనమున విహరింపవలెనను కోరిక మానవునకు అనాదిగా కలదు. పుష్పకవిమాన కథను విని ఆనందింపని తెలుగు బిడ్డ యుండడు. కాని ఆ కోరిక యంత్రరూపమున సిద్ధించుటకు నూరేండ్లకు పైగా పరిశ్రమ కావలసివచ్చెను. ఆ పరిశ్రమలో గ్రంథపఠనమునకు గల స్థానము మనవంటి గ్రంథాలయాభిమానులు తెలిసికొనదగినది.

ఇంగ్లండు దేశీయుడగు సర్ జార్జి కేలీ 1799లోనే, గాలిలో నిలుపు రెక్క వేరు, ముందునకు నడుపు సాధనము వేరు అని విడదీసి చూపెను. 1890లో ఫ్రాన్సున క్లెమాన్ అడేర్ ఆవిరి ఇంజనుతో నేల విడిచి సుమారు 50 మీటర్లు పోయెను గాని, ఆ యంత్రము అతని యదుపులో లేకుండెను. 1894లో హైరం మాక్సిం సుమారు మూడున్నర టన్నుల యంత్రమును పట్టాలపై పరుగెత్తించెను. అది పైకి లేవకుండ అమర్చిన అడ్డుపట్టీని విరుగగొట్టుకొని ఆగిపోయెను. జర్మనీలో ఓటో లిలియెంతాల్ ఇంజను లేని రెక్కలతో సుమారు 2,000 పర్యాయములు ఎగిరి, 1896 ఆగస్టులో కూలి మరణించెను. శక్తి గలవారికి అదుపు చిక్కలేదు. అదుపు నేర్చుచున్నవానికి ఆయువు చాలలేదు.

అమెరికాలోని డేటన్ పట్టణమున సైకిళ్ల దుకాణము నడుపుకొనుచున్న విల్బర్ రైట్, ఆర్విల్ రైట్ అను సోదరులకు కళాశాల చదువు లేదు. తండ్రి కూర్చిన పుస్తకములు మాత్రము ఇంట నుండెను. 1899 మే 30వ తేదీన విల్బర్ వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థకు జాబు వ్రాసి, ఎగురుటను గూర్చి వెలువడిన వ్యాసములను, గ్రంథముల పట్టికను కోరెను. ఆ సంస్థవారు కొన్ని వ్యాసములను పంపి, చదువదగిన గ్రంథముల పేర్లు తెలిపిరి.

సోదరులు వానిని శ్రద్ధతో చదివిరి. గ్రంథములలోని లెక్కల ననుసరించి 1900, 1901 సంవత్సరములలో గ్లైడర్లు కట్టి కిట్టీహాక్ ఇసుకతిన్నెలపై ఎగురవేసిరి. లెక్కలు చెప్పినంత బలము రెక్కలకు రాలేదు. అప్పుడు వారు పుస్తకమును పారవేయలేదు, గ్రుడ్డిగా నమ్మను లేదు. ఆరడుగుల చెక్కపెట్టె నొకదానిని చేసి, పంకాతో దానిలోనికి గాలి తోలి, సుమారు 200 చిన్న రెక్కలను పరీక్షించిరి. గాలి యొత్తిడిని లెక్కించుటకు నూరేండ్లకు పైగా వాడుకలోనున్న సంఖ్య మిక్కిలి హెచ్చుగా నున్నదని వారు గ్రహించిరి. 1902 నాటి గ్లైడరున రెక్కల కొనలను మెలివేయు ఉపాయమును, కదలెడు చుక్కానిని జోడించి అదుపు సాధించిరి. ప్రొపెల్లరును గూర్చి నౌకాశాస్త్రమున ఆధారము వెదకిరి, తగినది దొరకలేదు. అది తిరుగుచుండు రెక్కయే యని తామే యూహించి లెక్క కట్టిరి. వారి దుకాణపు పనివాడు చార్లెస్ టేలర్ ఆరు వారములలో ఇంజనును తయారుచేసెను. దాని శక్తి సుమారు 12 అశ్వబలములు.

అదే కాలమున స్మిత్సోనియన్ అధిపతి శామ్యూల్ లాంగ్లీ, ప్రభుత్వమిచ్చిన 50,000 డాలర్లతోను, 52 అశ్వబలముల ఇంజనుతోను విమానము కట్టించెను. అది 1903 అక్టోబరు 7న, మరల డిసెంబరు 8న నదిలో కూలెను. తొమ్మిది దినముల పిమ్మట, డిసెంబరు 17న, కిట్టీహాక్ చెంత ఆర్విల్ 12 సెకన్లలో 120 అడుగులు ఎగిరెను. ఆ దినముననే నాలుగవ పర్యాయము విల్బర్ 59 సెకన్లలో 852 అడుగులు పోయెను. వారికైన వ్యయము వేయి డాలర్లకు లోపే.

లాంగ్లీ మహాపండితుడు. రైట్ సోదరులకు పుస్తకములను సూచించినది ఆయన సంస్థయే. ఆయన శక్తిపై అధికముగా దృష్టి నిలిపెను. వారు అదుపును ముందు నేర్చిరి. పాఠకులారా! పుస్తకము మొదటి మెట్టు. చదివినదానిని చేతులతో పరీక్షించుట రెండవది. మన గ్రంథాలయపు రజతోత్సవ వేళ, ఇచటి పుస్తకము నింటికి కొనిపోవు ప్రతి బాలునకు, ప్రతి బాలికకు ఈ రెండు మెట్లను చూపుట పెద్దలమగు మన విధి.