స్టూడియోకి నాస్ కొంటున్నారా? టీబీలు కాదు.. ముందు ఖాళీ బేలు చూడండి!

పెళ్లి వీడియోలు, జానపద పాటలు, లోకల్ న్యూస్.. మర్రిగూడ లాంటి మండల కేంద్రంలో చిన్న స్టూడియో పెట్టినా ఇప్పుడు షూటింగ్ ఎక్కువగా 4కేలోనే. దాంతో టేబుల్ మీద ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు పేరుకుపోతున్నాయి. ఏ పెళ్లి ఏ డిస్కులో ఉందో వెతకడానికే సగం పూట పోతుంది. ఒక్క డిస్క్ కింద పడిందంటే పార్టీకి ఏం చెప్పాలో తెలియదు. తలంబ్రాలు మళ్లీ పోయించి షూట్ చేయలేం కదా!

అందుకే చాలామంది నాస్ వైపు చూస్తున్నారు. మరి ఎలాంటిది కొనాలి? వచ్చే ఏడాది సరిపోకపోతే పెంచుకోవచ్చా? పూర్తి వివరాలు ఇవే..

నాస్ అంటే ఏంటి?

నెట్‌వర్క్ అటాచ్డ్ స్టోరేజ్. సింపుల్‌గా చెప్పాలంటే.. రెండు, నాలుగు లేదా అంతకంటే ఎక్కువ హార్డ్ డిస్కులు పట్టే చిన్న కంప్యూటర్. డిస్క్ పెట్టే ఒక్కో అరను ‘బే’ అంటారు. దీన్ని రౌటర్‌కో, స్విచ్‌కో కేబుల్‌తో కలిపితే స్టూడియోలో ఉన్న సిస్టమ్స్ అన్నీ ఒకే చోట నుంచి ఫుటేజ్ తీసుకుంటాయి. అయితే ఒక్కరే ఎడిటర్, ఒక్కటే సిస్టమ్ ఉంటే నాస్ అవసరం లేకపోవచ్చు. నేరుగా యూఎస్‌బీతో కలిపే మల్టీ డిస్క్ బాక్స్ చాలు. ఇద్దరు, ముగ్గురు కలిసి పనిచేసే చోటే దీని అసలు ఉపయోగం.

ముందు లెక్క వేసుకోండి

4కే వీడియోను 100 ఎంబీపీఎస్‌లో రికార్డ్ చేస్తే గంటకు 45 జీబీ అవుతుంది. ఒక పెళ్లికి మూడు కెమెరాలు, ఒక్కోటి 4 గంటలు నడిస్తే మొత్తం 540 జీబీ. సీజన్‌లో 20 పెళ్లిళ్లు పడితే దాదాపు 11 టీబీ. ఇది రా ఫుటేజ్ మాత్రమే. ఎడిటింగ్ ఫైళ్లు, ఫైనల్ వీడియోలు అదనం.

ఇంకో విషయం.. 8 టీబీ డిస్క్ కొంటే విండోస్‌లో కనిపించేది 7.27 టీబీనే. కంపెనీ లెక్క వేరు, కంప్యూటర్ లెక్క వేరు. పైగా డిస్కులను నూటికి నూరు శాతం నింపకూడదు. కనీసం పది, పదిహేను శాతం ఖాళీ ఉంచుకోవాలి.

పెంచుకోవడానికి మూడు దారులు

ఒకటి.. ఖాళీ బే. నాలుగు బేల నాస్ తీసుకుని మొదట మూడు 8 టీబీ డిస్కులతో రెయిడ్ 5 పెట్టుకుంటే 16 టీబీ వాడుకోవచ్చు. నాలుగో డిస్క్ కలిపితే 24 టీబీ అవుతుంది. పాత డేటా చెరిపే పని లేదు. చిన్న స్టూడియోకి ఇదే తేలికైన దారి.

రెండు.. పాత డిస్కులు తీసి పెద్దవి పెట్టడం. ఒకేసారి అన్నీ మార్చకూడదు. ఒకటి మార్చి, రీబిల్డ్ అయ్యాక ఇంకోటి. సెకనుకు 200 ఎంబీ వేగంతో నడిచినా 16 టీబీ డిస్క్ రీబిల్డ్‌కు సుమారు 22 గంటలు పడుతుంది. మధ్యలో ఎడిటింగ్ కూడా చేస్తే ఇంకా ఎక్కువ. చాలా రెండు బేల మోడళ్లలో ఉన్నది ఈ దారి ఒక్కటే.

మూడు.. ఎక్స్‌పాన్షన్ బాక్స్. ఉదాహరణకు సైనాలజీ డీఎస్923ప్లస్‌కు డీఎక్స్517 తగిలిస్తే 4 బేలు కాస్తా 9 అవుతాయి. కానీ రెండు పెట్టెల డిస్కులూ కలిపి ఒకే వాల్యూమ్ చేయొద్దు. మధ్యలో కేబుల్ ఊడితే మొత్తం ఆగిపోతుంది. కొత్త బాక్స్‌ను వేరే వాల్యూమ్‌గా పెట్టి, పాత ప్రాజెక్టులు అందులోకి పంపడమే సేఫ్.

రెయిడ్ ఏది పెట్టాలి?

రెయిడ్ 5లో ఒక డిస్క్ పోయినా డేటా ఉంటుంది. రెయిడ్ 6లో రెండు పోయినా పర్లేదు. డిస్కులు ఆరు దాటితే రెయిడ్ 6కే వెళ్లడం మంచిది.

మామూలు రెయిడ్ అన్నింట్లో చిన్న డిస్క్‌నే లెక్కలోకి తీసుకుంటుంది. 4, 4, 8, 8 టీబీ డిస్కులు పెడితే రెయిడ్ 5లో వచ్చేది 12 టీబీ. అదే సైనాలజీ ఎస్‌హెచ్‌ఆర్‌లో 16 టీబీ వస్తుంది. చేతిలో డబ్బు ఉన్నప్పుడల్లా ఒక్కో డిస్క్ కొనేవాళ్లకు ఇలాంటి సిస్టమే నయం. పాత పీసీలో ఫ్రీ సాఫ్ట్‌వేర్ వేసుకునేవాళ్లకూ ఓ మంచి మాట.. ఒక్కో డిస్క్ కలుపుతూ రెయిడ్‌జెడ్‌ను పెంచుకునే వీలు 2025 జనవరిలో ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ 2.3తో వచ్చేసింది.

డిస్కులు కొనేటప్పుడు సీఎంఆర్ రకమే అడగండి. ఎస్‌ఎంఆర్ డిస్కులు రీబిల్డ్‌లో బాగా నెమ్మదిస్తాయి. డబ్ల్యూడీ రెడ్‌లో 2 నుంచి 6 టీబీ దాకా కొన్ని మోడళ్లు ఎస్‌ఎంఆర్ అని 2020లో బయటపడి పెద్ద దుమారమే రేగింది. రెడ్ ప్లస్, ఐరన్‌వోల్ఫ్ సిరీస్‌లు సీఎంఆర్.

ఏ కంపెనీ డిస్కులు పనిచేస్తాయో కూడా ముందే చూసుకోండి. 2025 ప్లస్ మోడళ్లలో తమ డిస్కులే వాడాలన్నట్టు సైనాలజీ రూల్ పెట్టింది. విమర్శలు రావడంతో అదే ఏడాది అక్టోబర్‌లో డీఎస్‌ఎం 7.3 అప్‌డేట్‌తో సడలించింది.

స్పీడ్ సంగతేంటి?

గిగాబిట్ నెట్‌వర్క్‌లో సెకనుకు దాదాపు 110 ఎంబీ వస్తుంది. అంటే 540 జీబీ పెళ్లి కాపీ అవడానికి గంటా ఇరవై నిమిషాలు. 2.5 గిగాబిట్ అయితే అరగంట. అయితే నాస్, స్విచ్, పీసీ మూడూ 2.5 గిగాబిట్ సపోర్ట్ చేయాలి. ఒక్కటి తక్కువైనా స్పీడ్ అక్కడే ఆగుతుంది. వైఫై మీద 4కే ఎడిటింగ్ ఆలోచన మానుకోండి.

ఎండ, కరెంట్‌తో జాగ్రత్త

చాలా నాస్‌లకు కంపెనీ చెప్పే గది ఉష్ణోగ్రత పరిమితి 40 డిగ్రీలే. నల్లగొండ జిల్లాలో మే నెలలో బయటే 40 దాటుతుంది. ఇక రేకుల గది సంగతి చెప్పక్కర్లేదు. ఏసీ గది లేకపోతే కనీసం గాలి ఆడే చోట, దుమ్ము పడకుండా పెట్టాలి. కరెంట్ ఠక్కున పోతే రాస్తున్న ఫైల్ పాడవుతుంది. అందుకే యూపీఎస్ తప్పనిసరి. యూఎస్‌బీ కేబుల్‌తో నాస్‌కు కలిపే యూపీఎస్ అయితే బ్యాటరీ అయిపోయేలోపు నాస్ దానంతట అదే షట్‌డౌన్ అవుతుంది. ఎర్తింగ్ కూడా చెక్ చేయించండి.

రెయిడ్ ఉంటే బ్యాకప్ ఉన్నట్టు కాదు!

ఇదే అసలు పాయింట్. డిస్క్ పోతే రెయిడ్ కాపాడుతుంది. పొరపాటున డిలీట్ చేస్తే, దొంగతనం జరిగితే, పిడుగు పడితే కాపాడదు. 1998లో పిక్సార్‌లో ‘టాయ్ స్టోరీ 2’ ఫైళ్లు ఒక్క కమాండ్‌తో డిలీట్ అయిపోయాయి. బ్యాకప్ చూస్తే సరిగా పనిచేయలేదు. ఇంటి నుంచి పనిచేస్తున్న గేలిన్ సస్‌మన్ కంప్యూటర్‌లో ఉన్న కాపీతోనే సినిమాను గట్టెక్కించారు. 2022 జనవరిలో ఇంటర్నెట్‌కు ఓపెన్‌గా ఉన్న క్యూనాప్ నాస్‌లపై డెడ్‌బోల్ట్ రాన్సమ్‌వేర్ దాడి చేసింది. కాబట్టి రౌటర్‌లో పోర్టులు తెరిచి వదిలేయొద్దు.

మన దగ్గర దీని విలువ పెళ్లి వీడియోలతోనే ఆగదు. మర్రిగూడ మండలం ఏళ్లుగా ఫ్లోరోసిస్‌తో పోరాడిన ప్రాంతం. శివన్నగూడెంకు చెందిన ఫ్లోరోసిస్ బాధితుడు, ఉద్యమకారుడు అంశాల స్వామి 2023 జనవరిలో చనిపోయారు. ఆయన మాట్లాడిన రా ఫుటేజ్ ఎవరి డిస్కులో ఉన్నా ఇక మళ్లీ తీయలేనిదే. 2022 నవంబర్ మునుగోడు ఉప ఎన్నిక ఫుటేజ్ కూడా అంతే.

అందుకే 3-2-1 రూల్ పాటించండి. మూడు కాపీలు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి స్టూడియో బయట. 50 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్నా 540 జీబీ క్లౌడ్‌కు ఎక్కడానికి 24 గంటలు పడుతుంది. కాబట్టి క్లౌడ్‌లో ఫైనల్ వీడియోలు, ప్రాజెక్ట్ ఫైళ్లు పెట్టండి. రా ఫుటేజ్ మరో డిస్కులోకి కాపీ చేసి ఇంట్లో దాచండి. రెండు చోట్ల కాపీ అయ్యేదాకా మెమరీ కార్డు ఫార్మాట్ చేయొద్దు.

కొనే ముందు ఇవి చూసుకోండి

* కనీసం నాలుగు బేలు, అందులో ఒకటైనా ఖాళీ
* ఎక్స్‌పాన్షన్ బాక్స్ సపోర్ట్ ఉందా?
* సైజులు వేరైన డిస్కులు కలుస్తాయా?
* 2.5 గిగాబిట్ పోర్ట్
* సీఎంఆర్ డిస్కులు, యూపీఎస్
* సీటీసీలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా జీఎస్టీ బిల్లు, సీరియల్ నంబర్‌తో ఇండియా వారంటీ

బడ్జెట్ తక్కువైతే బాక్స్‌లో ఒక డిస్క్ తగ్గించుకోండి. బ్యాకప్ డిస్క్ మాత్రం తగ్గించొద్దు. ఖాళీ బే ఉంటే డిస్క్ రేపైనా కొనొచ్చు. పోయిన ఫుటేజ్‌ను ఎంత పెట్టినా కొనలేం.