అనుమానం చాలు, రుజువు మన పని కాదు

అమెరికాలో పిల్లల మీద హింస గురించి ఎక్కడ చదివినా ఒక కథ తగుల్తుంది. 1874లో న్యూయార్కులో ఒక పాపని పెంపుడు తల్లి చిత్రహింసలు పెడుతోందట. పిల్లల్ని కాపాడే చట్టం ఒక్కటీ లేకపోవడంతో, "మనిషి పిల్ల కూడా జంతువే కదా" అని వాదించి జంతుహింస చట్టం కింద ఆ పాపని కాపాడారట. ఫార్వర్డ్ చెయ్యడానికి భలే ఉంటుంది. కానీ అది నిజం కాదు. అసలు నిజం మనకి ఇంకాస్త ఇబ్బందిగా ఉంటుంది: చట్టం ఉంది, దాన్ని కదిలించేవాళ్ళే లేరు.

ఆ పాప పేరు మేరీ ఎలెన్ విల్సన్. తండ్రి అమెరికా అంతర్యుద్ధంలో పోయాడు. తల్లి పెంపకానికి డబ్బులు కట్టలేకపోవడంతో ఆ పిల్ల నగరపు ధర్మసంస్థల శాఖకి చేరింది, అక్కణ్ణుంచి మెకార్మక్ అనే దంపతులకి. మెకార్మక్ చనిపోయాక అతని భార్య కొనలీ అనే ఆయన్ని పెళ్ళి చేసుకుంది. అంటే పాపకీ ఆ ఇంట్లోవాళ్ళకీ రక్తసంబంధమేమీ లేదు. ఇరుకు వాటాలుండే ఇల్లు. కొరడా దెబ్బలూ, ఏడుపూ గోడవతలకి వినిపించేవి. ఇరుగుపొరుగు అందరికీ తెలుసు.

ఎటా వీలర్ అనే ఆవిడ క్రైస్తవ మిషన్ తరఫున పేదల ఇళ్ళకి వెళ్ళి మంచీచెడూ చూసేది. ఈ పాప సంగతి చెవిన పడ్డాక, పక్క వాటాలో క్షయతో మంచాన పడి ఉన్న మనిషిని చూసే వంకతో వెళ్ళి పాపని కళ్ళారా చూసింది. ఆ తర్వాత మొదలైంది అసలు తిరుగుడు. పోలీసులు సాక్ష్యం తెమ్మన్నారు. ధర్మసంస్థలు, పిల్లని చట్టప్రకారం తెచ్చి అప్పగిస్తే చూసుకుంటామన్నాయి. ఎవరి మాటా తప్పు కాదు, కానీ ఎవరూ కదల్లేదు. ఒక టికెట్ ని నాలుగు టీముల మధ్య తిప్పి తిప్పి "మా మాడ్యూల్ కాదు" అనడం మనకి తెలియనిదేం కాదు కదా!

చివరికి ఆవిడ హెన్రీ బెర్గ్ దగ్గరికెళ్ళింది. 1866లో జంతుహింస నివారణ సంఘం పెట్టింది ఆయనే. కథకి జంతువుల రంగు అంటుకున్నది ఇక్కడే. కానీ తాను ఒక మామూలు పౌరుడిగానే వచ్చాననీ, ఇందులో సంఘానికి సంబంధం లేదనీ బెర్గ్ స్వయంగా చెప్పుకున్నాడు. ఆయన లాయరు ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ పట్టుకున్నది హెబియస్ కార్పస్ చట్టంలోని ఒక సెక్షన్. అక్రమ నిర్బంధంలో ఉన్న మనిషికి తీవ్రమైన హాని జరిగేలా ఉంటే, వారెంటు ఇచ్చి వెంటనే కోర్టుకి రప్పించే అధికారం జడ్జికి ఉంది. అంతే! ఆ సెక్షన్ అప్పటికే పుస్తకంలో ఉంది.

1874 ఏప్రిల్ 9న పాపని బండి దుప్పటి చుట్టి కోర్టుకి తీసుకొచ్చారు. మొహం మీద కత్తెర గాయం. తన వయసెంతో తనకే తెలియదంది. దాదాపు రోజూ కొడతారంది. ఆ పెంపుడు తల్లికి ఏడాది శిక్ష పడింది. ఆ సంవత్సరం డిసెంబరులో బెర్గ్, గెర్రీ కలిసి పిల్లల కోసం విడిగా ఒక సంఘం పెట్టారు. ప్రపంచంలో ఈ పని కోసమే పుట్టిన మొదటి సంస్థ అదే. మేరీ ఎలెన్ వీలర్ కుటుంబంలోనే పెరిగి, పెళ్ళి చేసుకుని, ఒక కూతురికి ఎటా అని పేరు పెట్టుకుంది. 92 ఏళ్ళు బతికి 1956లో పోయింది.

అంతకుముందు పిల్లల కోసం కోర్టులు ఏమీ చెయ్యలేదనుకోవడం కూడా సరి కాదు. గుడ్డివాడైన కొడుకుని చలికాలంలో నేలమాళిగలో పెట్టి తాళం వేసిన తండ్రికి 300 డాలర్ల జరిమానా పడితే, 1869లో ఇల్లినాయి సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. తల్లిదండ్రుల అధికారానికి హద్దుందని చట్టానికి అప్పటికే తెలుసు. చట్టం దాకా కబురు మోసేవాళ్ళే కరువు.

సరే, ఇరుగుపొరుగంటే భయపడ్డారు. డాక్టర్ల సంగతేంటి? ఇక్కడ చరిత్ర మరీ విచిత్రం. ఆంబ్రోజ్ టార్డ్యూ అనే ఫ్రెంచి ఫోరెన్సిక్ డాక్టరు 1860లోనే 32 మంది పిల్లల కేసులు విడమరిచి రాశాడు. వాళ్ళలో 18 మంది చనిపోయారు. కమిలిన గుర్తులూ, కాలిన మచ్చలూ, విరిగిన ఎముకలూ.. అన్నీ రాశాడు. దాదాపు వందేళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. "మంచం మీంచి పడ్డాడండీ" అని తల్లిదండ్రులు చెప్పేవాళ్ళు, డాక్టరు రాసుకునేవాడు.

ఈ మౌనాన్ని పగలగొట్టింది ఎక్స్‌రే. 1946లో న్యూయార్కు రేడియాలజిస్టు జాన్ క్యాఫీ ఆరుగురు పసిపిల్లల కేసులు ప్రచురించాడు. అందరికీ మెదడు పొరల కింద రక్తస్రావం, అందరికీ కలిపి చేతుల్లో కాళ్ళలో 23 విరుపులు. ఎముక విరిగాక అతుక్కునేటప్పుడు ఏ దశలో ఉందో ఎక్స్‌రేలో కనిపిస్తుంది. ఒకే పిల్లాడిలో ఒకటి కొత్తది, ఒకటి సగం అతికింది, ఒకటి పూర్తిగా మానింది ఉంటే, "నిన్న ఒక్కసారి పడ్డాడు" అన్న మాట నిలబడదు. మన భాషలో చెప్పాలంటే, యూజర్ ఏం చెప్పినా లాగ్ ఫైల్ అబద్ధం చెప్పదు. అయినా క్యాఫీ అప్పట్లో కారణం తేల్చి చెప్పలేదు.

తేల్చి చెప్పింది డెన్వర్ పిల్లల డాక్టరు హెన్రీ కెంపీ. 1962 జులైలో ఆయనా, ఆయన సహచరులూ అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వేసిన వ్యాసంలో దీనికి "దెబ్బలు తిన్న పిల్లల సిండ్రోమ్" అని పేరు పెట్టారు. 71 ఆసుపత్రుల్ని అడిగితే ఒక్క ఏడాదిలో 302 కేసులు తేలాయి. 33 మంది చనిపోయారు, 85 మందికి మెదడు శాశ్వతంగా దెబ్బతింది. పేరు పెట్టాక కంటికి కనిపించడం మొదలైంది.

చట్టం ఈసారి చాలా వేగంగా కదిలింది. 1963లో ఫెడరల్ చిల్డ్రన్స్ బ్యూరో ఒక నమూనా చట్టం తయారుచేసి రాష్ట్రాల ముందు పెట్టింది. 1967కల్లా అన్ని రాష్ట్రాల్లోనూ ఏదో ఒక రిపోర్టింగ్ చట్టం వచ్చేసింది. 1974లో ఫెడరల్ చట్టం కూడా తోడైంది. వీటిలో రెండు విషయాలు నాకు గొప్పగా అనిపిస్తాయి. ఒకటి, డాక్టరూ టీచరూ రుజువు తేనక్కర్లేదు, సహేతుకమైన అనుమానం చాలు. రెండు, మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద దావా వెయ్యడం కుదరదు. వీలర్ని వీధులంట తిప్పిన "సాక్ష్యం తే" అన్న అడ్డుగోడని ఈ రెండూ పడగొట్టాయి. దర్యాప్తు ఆ పని తెలిసినవాళ్ళు చేస్తారు, మనది బగ్ ఫైల్ చెయ్యడం వరకే. అన్నట్టు, న్యూజెర్సీ, టెక్సాస్ లాంటి రాష్ట్రాల్లో ఈ బాధ్యత డాక్టర్లకే కాదు, ప్రతి మనిషికీ ఉంది. అక్కడ ఉన్న మనవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన విషయం.

దీనికి విమర్శ లేదా అంటే ఉంది. పేదరికాన్ని నిర్లక్ష్యం అనుకుని పేద కుటుంబాల మీద పడతారన్నది అందులో ముఖ్యమైనది, న్యాయమైనది కూడా. ఇంట్లో బియ్యం లేక పిల్ల పస్తుండటం వేరు, ఉండి పెట్టకపోవడం వేరు.

ఇక మన దగ్గరికొద్దాం. పిల్లల కోసం చట్టం మనకి కొత్తేం కాదు. కోస్తా, రాయలసీమ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడే, 1920లో మద్రాసు చిల్డ్రన్ యాక్టు వచ్చింది. తర్వాత జువెనైల్ జస్టిస్ చట్టాలు 1986లో, 2000లో, 2015లో. 2015 చట్టం 75వ సెక్షన్ ప్రకారం పిల్లని కొట్టి హింసించినా, కావాలని నిర్లక్ష్యం చేసినా మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. 2007లో కేంద్రప్రభుత్వం ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని అడిగి ఒక నివేదిక ఇచ్చింది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తింటున్నామన్నారు. సగానికి పైగా ఏదో ఒక రకం లైంగిక వేధింపు చెప్పారు. 2012లో పోక్సో వచ్చింది.

పోక్సో 19వ సెక్షన్ కెంపీ కాలం నాటి ఆలోచనే, కానీ ఇంకా విశాలం. నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని భయం ఉన్నా, ఎవరైనా సరే పోలీసులకి చెప్పాల్సిందే. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. మంచి ఉద్దేశంతో చెబితే కేసులుండవు. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో గిరిజన బాలికల హాస్టల్లో అఘాయిత్యాలు జరిగితే, పిల్లలకి వైద్యం చేసిన డాక్టరు పోలీసులకి చెప్పలేదని కేసు పెట్టారు. హైకోర్టు ఆ కేసు కొట్టేస్తే, 2022 నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని మళ్ళీ నిలబెట్టింది. తెలిసీ చెప్పకపోవడం తీవ్రమైన నేరమేనంది.

మరి కొట్టడం, తిండి పెట్టకపోవడం? వాటికి పోక్సోలో ఉన్నట్టు అందరి మీదా రిపోర్టింగ్ బాధ్యత లేదు. కానీ ఎవరైనా చెప్పొచ్చు. 1098కి ఫోన్ చెయ్యొచ్చు, జిల్లా బాలల సంక్షేమ సమితికి చెప్పొచ్చు.

ఏం చూడాలి? పాకడం కూడా రాని పసిపాపకి కమిలిన మచ్చ ఉంటే ఆగి ఆలోచించండి. చెవి మీద, మెడ మీద దెబ్బలు ఆటల్లో మామూలుగా తగలవు. అడిగినప్పుడల్లా మారే కథ, ఆసుపత్రికి ఆలస్యంగా తీసుకురావడం, ఎప్పుడూ ఆకలిగా ఉండే పిల్ల, ఒక మనిషిని చూడగానే బిగుసుకుపోయే పిల్ల.. ఇవీ గుర్తులే. ఒక్క గుర్తుతో నేరం తేలదు, కానీ అడగడానికి అది చాలు. పిల్లని గుచ్చి గుచ్చి అడక్కండి. తను చెప్పిన మాటల్ని తను చెప్పినట్టే తేదీ వేసి రాసుకోండి. ఫొటో, పేరు వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి, అది నేరం.

ఇంకొక్క మాట. మన అపార్టుమెంటుల్లో పాత్రలు తోమే, పసివాణ్ణెత్తుకుని లిఫ్టులో కనిపించే పన్నెండేళ్ళ పిల్లలు ఇంకా ఉన్నారు. పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని ఇంటి పనికి పెట్టుకోవడం 2006 అక్టోబరు నుంచీ నిషేధం. "వాళ్ళింటి విషయం మనకెందుకు" అంటాం. మేరీ ఎలెన్ పక్క వాటాలవాళ్ళూ సరిగ్గా అదే అనుకుని ఉంటారు. వాళ్ళకి ఎవరికి చెప్పాలో తెలీదు. మనకి నాలుగంకెల నంబరుంది.